తెల్లచీర కట్టిన గురువారం

కుక్క గాల్లోకి లేచింది.

దూడంత ఒళ్ళు, నల్లటి మూతి, తెరిచిన నోట్లో తడిగా మెరుస్తున్న కోరలు. లిదియమ్మ చేతిలోని బైబిలు ఎగిరి కాలవ పక్కన పడింది. ఆమె వెల్లకిలా కూలిపోయింది. ఇస్త్రీ మడత నలగని తెల్లచీర మీద సీజరు ముందుకాళ్ళు మట్టి ముద్రలు వేశాయి. గొంతు కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది లిదియమ్మ. కోరలు ఆ చేతిలో దిగబడ్డాయి.

"అమ్మా!"

పోయినవారం మనం కరుణశ్రీని సరిగ్గా ఈ గడపలోనే వదిలిపెట్టాం. చేతిలో తాళంకప్ప, కళ్ళెదుట తనంత తానుగా తెరుచుకుంటున్న పక్కింటి ఇనపగేటు. వెనక సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. డిసెంబరులో ఉదయగిరి చర్చి వెనకున్న పాత హాస్టలు తగలబడింది. కాపలా ఉండే ముసలి శీనయ్య అందులోనే కాలిపోయాడు. నిప్పు పెట్టి పారిపోతున్న మనిషిని చూసింది హాస్టల్లో ఒకప్పుడు వంట చేసిన లిదియమ్మ ఒక్కతే. ఆ పేరు ఆమె కన్నకూతురికి కూడా చెప్పలేదు. "నీకు తెలిస్తే నీ మొగం చూసి వాడికి తెలిసిపోతాది. ఆత్మకూరు కోర్టులో ప్రమాణం చేసినాకనే నోరు తెరుస్తా," అంది. సోమవారం ఆమె సాక్ష్యం. ఇవాళ గురువారం, పొద్దు వాలే వేళ. వీధి వీధంతా చర్చికి పోయింది. అరిచినా వచ్చేవాళ్ళు లేరు.

కరుణశ్రీ చేతికి దొరికింది రోకలి. పొద్దున మిరపకాయలు దంచి గోడకు ఆనించిన రోకలి. రెండు చేతులా ఎత్తి, ఒళ్ళంతా బలం చేసుకుని, కుక్క భుజం మీద ఒక్కటి వేసింది.

ఎముక విరిగిన చప్పుడు. సీజరు కుయ్యోమంటూ పట్టు వదిలేసింది. పక్కకి దొర్లి, లేచి నిలబడింది. కరుణశ్రీ రోకలి మళ్ళీ ఎత్తింది. ఇంకొక్క దెబ్బ. తల అందుబాటులోనే ఉంది. రోకలి ఎత్తించింది భయం కాదు, కసి. అమ్మ చేతిలోంచి నెత్తురు తెల్లచీర మీదికి కారుతుంటే ఎవరికి మాత్రం కసి రాదు?

సరిగ్గా అప్పుడు ఆత్మకూరు లాయరు ఉషారాణి గొంతు చెవిలో వినిపించింది. మార్చిలో ఈ కుక్కే ఒకసారి అమ్మ కొంగు చించినప్పుడు కరుణశ్రీ ఆమె దగ్గరికి వెళ్ళింది. "మీదపడి కరస్తా ఉన్నంతసేపు కొట్టు టీచరూ. చేతికి ఏది దొరికితే దాంతో కొట్టు. ప్రాణం కాపాడుకునేదానికి చట్టం నీ పక్కనే ఉంటాది. కానీ అది వెనక్కి తిరిగిందా, చెయ్యి దించు. పారిపోయేదాని మీద వేసే దెబ్బ ఆత్మరక్షణ కాదు, పగ. ఆ దెబ్బకు నేను కూడా నిన్ను కాపాడలేను."

సీజరు వెనక్కి తిరిగింది. ముందుకాలు ఈడ్చుకుంటూ, మూలుగుతూ సందులోకి నడిచింది.

కరుణశ్రీ పళ్ళు కొరుక్కుని రోకలి దించింది.

ఆ దించిన చెయ్యి తనని కాపాడుతుందనుకుంది. తెల్లవారేసరికి అదే చేతికి బేడీలు తప్పవనే పరిస్థితి వచ్చింది.

* * *

మర్నాడు గుడ్ ఫ్రైడే. స్టేషను వరండాలో గోనెసంచి మీద సీజరు శవం. తల పగిలి ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

"మద్రాసు నుంచి తెప్పించినా సార్ దీన్ని! పాలపీక పట్టి పెంచినా!" పక్కింటి కిరాణా హోల్‌సేలు వ్యాపారి వీరరాఘవులు శెట్టి గొంతు బజారు దాకా వినపడుతోంది. "మా వెనక సందులో పడేసుండాది. తల చూడండి, టెంకాయ పగిలినట్టు పగిలిపోయినాది. ఆడమనిషేనా ఈమె? రోకలితో చితక్కొట్టి చంపినాది!"

"నేను తల మీద కొట్టలేదు శెట్టిగారూ. భుజం మీద కొట్టినా. ఒక్కటే దెబ్బ," అంది కరుణశ్రీ. రాత్రంతా ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కనే కూర్చుంది. తెల్లారగానే కానిస్టేబులు సిద్ధయ్య వచ్చి ఎస్సైగారు రమ్మన్నారంటే కట్టుచీరతోనే వచ్చింది. చీర అంచున ఇంకా అమ్మ నెత్తురు ఉంది.

"ఒక్క దెబ్బకు చచ్చేదానికి అదేమన్నా దోమా?"

"మీ దోమ మా అమ్మ చెయ్యి నమిలింది. పోయి చూసి రాండి, ఎన్ని కుట్లు పడినాయో!"

"ఆపండి ఇద్దరూ!" ఎస్సై రమణయ్య లాఠీతో బల్ల మీద కొట్టాడు. కొత్తగా వచ్చిన మనిషి. ముక్కుసూటి అని పేరు. "టీచరమ్మా, నాలుగొందల ఇరవైతొమ్మిది సెక్షను. విలువైన జంతువును చంపితే అయిదేళ్ళ దాకా శిక్ష. నువ్వు గవర్నమెంటు ఉద్యోగివి. రెండ్రోజులు లోపల ఉంటే ఆటోమేటిగ్గా సస్పెన్షను. తెలుసు గదా?"

తెలుసు. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు ఆమె భయం. సోమవారం అమ్మను ఆత్మకూరు కోర్టుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోవాల్సింది తనే. తను లాకప్పులో ఉంటే అమ్మ ఒంటరిది. నిప్పు పెట్టినవాడు ఎవడో, వాడు బయట ఉన్నాడు.

"కరుణా, నా మాట విను బిడ్డా."

పక్కనుంచి మెత్తగా వచ్చింది ఆ గొంతు. చిన్నాయన డేవిడ్‌రాజు. చనిపోయిన నాయనకు తమ్ముడు, చర్చిలో పెద్ద. తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ, చంకలో బైబిలు. ఇవాళ మధ్యాహ్నం చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానంలో ఒక మాట మీద ఆయనే మాట్లాడాలి. అది వదులుకుని కూతురులాంటి పిల్ల కోసం స్టేషనుకు వచ్చాడు.

"కోపంలో రెండు దెబ్బలు ఎక్కువ పడినాయని చెప్పమ్మా. శెట్టిగారి గడ్డం నేను పట్టుకుంటా. ఆయనా మనిషే, కరగడా? ఇంతటితో కేసు మూసేస్తారు. కుక్క కోసం స్టేషన్లో కూర్చుంటావా?"

"చెయ్యనిది చేసినానని చెప్పమంటావా చిన్నాయనా? నేను ఆగినా. అది తిరిగిపోతా ఉంటే రోకలి దించినా. దేవుడు చూసినాడు."

"దేవుడు చూసినాడు సరే. మనుషులు ఎవురు చూసినారు తల్లీ?"

ఎస్సై అందుకున్నాడు. "అదీ మాట. చూసినవాళ్ళు ఉండారా?"

కరుణశ్రీ గోనెసంచి వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత ఎస్సై కళ్ళలోకి సూటిగా చూసింది.

"చూసింది అదొక్కటే సార్. దాన్నే అడగండి. పశువుల డాక్టర్ని పిలిపించి కోయించండి. నా దెబ్బ ఎక్కడుందో, ఆ తల దెబ్బ ఎప్పుడు పడిందో ఆయన చెప్తాడు."

డేవిడ్‌రాజు నవ్వాడు. "కుక్కకు పోస్టుమార్టమా? ఊరంతా నవ్విపోతారమ్మా. సార్, చిన్నపిల్ల, తెలీక మాట్లాడతా ఉండాది."

"నవ్వితే నవ్వనీండి," అన్నాడు ఎస్సై. ఆయనకి పట్టుదల వచ్చేసింది. "నేను వచ్చినాక ఈ స్టేషన్లో మొదటి పోస్టుమార్టం. కుక్కదయితే ఏంది? సిద్ధయ్యా, హరిప్రసాద్ డాక్టర్ని నేను రమ్మన్నానని చెప్పు. సంచి తీసుకోని వెనకవైపుకు పా!"

సిద్ధయ్య సంచి లాగుతుంటే శెట్టి మొహం తిప్పుకున్నాడు. అంత అరిచిన మనిషి కళ్ళు తుడుచుకోవడం కరుణశ్రీ చూసింది.

డేవిడ్‌రాజు గడియారం చూసుకున్నాడు.

"సరే బిడ్డా, నీ ఇష్టం. సార్, మా వదినకు పిచ్చికుక్క సూదులు వేయించాల. ఇక్కడ ఆసుపత్రిలో లేవంట. జీపు మాట్లాడిపెట్టినా. ఆత్మకూరు తీసకపోతా. తిరిగొచ్చి ఈ పిల్లకు జామీను నేనే ఉంటా."

కరుణశ్రీ ఆయన దగ్గరికి జరిగింది. "అమ్మకు మత్తు సూది వేసినారు చిన్నాయనా. రాత్రి నుంచి కళ్ళు తెరవలా. దారిలో జాగ్రత్త."

"నాకు చెప్పాలా? మా అన్న భార్య. పడుకోబెట్టి పువ్వులాగ తీసకపోతా." ఆమె తలమీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ఒక చిన్న ప్రార్థన చేశాడు. ఎస్సై కూడా మర్యాదగా టోపీ తీశాడు.

కాసేపటికి బయట జీపు మొరాయించి, దగ్గి, స్టార్టయింది. ఆసుపత్రి వైపు మలుపు తిరిగింది.

* * *

డాక్టరు హరిప్రసాద్ చేతులు కడుక్కుంటూనే లోపలికి వచ్చాడు. సబ్బు వాసన, దాని కింద ఇంకో వాసన. ఆయన మొహంలో ఒక రకమైన ఉత్సాహం ఉంది. రోజూ ఎద్దులకు, గేదెలకు సూదులు పొడిచే మనిషికి ఇట్లాంటి పని ఏళ్ళకోసారి దొరుకుతుంది మరి.

"రమణయ్యగారూ, టీచరమ్మ అబద్ధం చెప్పలేదు."

శెట్టి లేచి నిలబడ్డాడు. "అంటే ఏంది?"

"కుడి భుజం ఎముక విరిగింది. గుండ్రటి దెబ్బ. రోకలి దెబ్బే. ఒక్కటే. అక్కడ బాగా వాచింది, లోపల నెత్తురు గడ్డకట్టింది. అంటే ఆ దెబ్బ తిన్నాక కుక్క చాలాసేపు బతికే ఉంది. తల దగ్గర వాపే లేదు. ఆ దెబ్బ పడ్డమూ ప్రాణం పోవడమూ ఒకేసారి. పైగా అది రోకలి కాదు, రాయి. చర్మంలో రాతి రవ్వలు దొరికినాయి."

"అంటే వేరే ఎవురో..."

"ఇంకోటి కూడా ఉంది." డాక్టరు తన మెడ చుట్టూ వేలు తిప్పి చూపించాడు. "తాడు ఒరుసుకున్న గుర్తు. కొత్తది. దాన్ని ఎవరో తాడుతో కట్టేసి, కదలకుండా పట్టుకుని, రాయితో తల పగలగొట్టినారు."

 

ఎస్సై మెల్లగా కుర్చీ వెనక్కి జరిపాడు. శెట్టి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. గొంతు మారింది. "శెట్టిగారూ, మీ సీజరు కొత్తవాళ్ళను దగ్గరికి రానిస్తాదా?"

"యాడ సార్! పాలవాణ్ణే రానీదు. మా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవురన్నా మెడమీద చెయ్యి వేస్తే..." శెట్టి మాట సగంలో ఆగిపోయింది. తను ఏం చెప్పాడో తనకే అర్థమయింది.

"చెప్పండి, ఆగినారే? దెబ్బ తిని మూలగతా ఉన్న కుక్క. కొత్తవాడు తాడు వెయ్యలేడు. వేసింది ఇంటి మనిషే గదా?"

"నేనా? నా కుక్కను నేను చంపుకుంటానా?"

"టీచరమ్మ మీద కేసు పెట్టేదానికి! మార్చిలోనే ఆమె ఇదే స్టేషనుకు వచ్చి మీ కుక్క మీద కంప్లయింటు ఇచ్చినాది. కుక్కను జాగ్రత్తగా పెట్టుకోకుంటే యజమాని మీద కేసు. రెండువందల ఎనభైతొమ్మిది సెక్షను. నిన్న గేటు తీసి వదిలింది మీరే, ఆ కేసు తప్పించుకునేదానికి రాత్రి దాన్ని చంపింది మీరే!"

"అయ్యో, నేను నిన్న సాయంత్రం ఉదయగిరిలోనే లేనయ్యా! ఆత్మకూరులో సరుకు దించతా ఉండినా. నా పెళ్ళాం సీతమ్మ గొళ్ళెం పెట్టినాకనే గుడికి పోయినాది. ఆ గొళ్ళెం బయటినుంచి చెయ్యి పెట్టి ఎవురైనా తియ్యొచ్చు!"

"సిద్ధయ్యా, రాసుకో."

కరుణశ్రీ కుర్చీ అంచుకు జరిగింది. ఇంతేనా? అయిపోయిందా? తను నిర్దోషి. లేచి, చెప్పులు వేసుకుని, అమ్మ వెనకే ఆత్మకూరుకు పోవచ్చు. శెట్టి మీద ఆమెకి జాలిపడాల్సిన అవసరం ఏముంది? నెల రోజులుగా, నిప్పు పెట్టినవాడికి కావలసినవాడు ఈ శెట్టేనని ఆమె అనుమానం. ఇప్పుడు డాక్టరు కూడా అదే చెప్పినట్టయింది.

శెట్టి ఉన్నట్టుండి ఆమె వైపు తిరిగాడు. చేతులు జోడించాడు. ఊళ్ళో ఎవరికీ తల వంచని మనిషి.

"అమ్మాయ్, నీ మీద అరిచినా. తప్పే. కుక్క శవం చూసి మతి పోయినాది. కానీ ఒక్క ముక్క విను. మీ యమ్మ మీద కుక్కను వదలాలనుకున్నోణ్ణయితే దాన్ని రేపు శనివారం ఆత్మకూరు గోడౌనుకు పంపిచ్చేదానికి లారీ డ్రైవరుకు ఎందుకు చెప్పి పెడతా? పోయి అడగండి వాణ్ణి!"

"శనివారం ఎందుకు?" అంది కరుణశ్రీ.

"ఆదివారం మీ యమ్మ తెల్లచీర కడతాది గదా!"

"ఏంది?"

"పోయిన నెల మొదటి ఆదివారమే గదా ఆమె కొంగు పట్టుకున్నది? రోజూ ఆమె రంగుచీర కట్టుకోని మా వాకిట్లో నుంచే పోతాది. సీజరు తోక ఆడిస్తాది. తెల్లచీర కట్టిన రోజే దానికి పిచ్చి లేచింది. మీరు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం ఆమె తెల్లచీర కడతాదంట. మా సీతమ్మ చెప్పినాది. నెలకు మొదటి ఆదివారం. అంటే ఎల్లుండి. అందుకనే శనివారమే పంపిద్దామనుకున్నా. ఆమె నిన్న గురువారం నాడే తెల్లచీర కట్టుకుంటాదని నాకేమన్నా కల వచ్చినాదా?"

కరుణశ్రీ లోపల లెక్క వేసుకుంది.

కల రాదు. శెట్టికే కాదు, ఊళ్ళో ఇంకెవరికీ రాదు. ప్రతి నెలా మొదటి ఆదివారమే ప్రభువు బల్ల. ఈసారి మొదటి ఆదివారం ఈస్టరు వచ్చింది. అందుకని పాస్టరుగారు ఈ ఒక్క నెలకూ బల్లను గురువారం సాయంత్రానికి మార్చారు. ఆ మాట ఆయన చెప్పింది ఒకే ఒకసారి, పోయిన ఆదివారం, ఆరాధన చివర, తలుపులు తెరవబోయే ముందు. అది విన్నవాళ్ళు ఆ గోడల మధ్య కూర్చున్నవాళ్ళు మాత్రమే.

గురువారం అమ్మ తెల్లచీరతో గడప దాటుతుందని తెలిసినవాడు, ఆ క్షణం కోసం గేటు దగ్గర కాచుకున్నవాడు, చర్చిలో ఆమె పక్కన కూర్చుని పాట పాడినవాడే.

"సార్!" కరుణశ్రీ లేచి నిలబడింది. "ఈయన కాదు. శెట్టిగారు కాదు!"

ఎస్సై ఆశ్చర్యపోయాడు. "అమ్మా, నీ కేసు కొట్టేసేదానికి ఆయనొక్కడే గదా దారి? నువ్వే ఆయన తరఫున మాట్లాడతా ఉండావా?"

"నిజం మాట్లాడతా ఉండా. చేసింది మావాళ్ళలో ఒకడు. చర్చివాడు." గబగబా గురువారం సంగతి చెప్పింది. ఎస్సై వింటూ వింటూ కుర్చీలో ముందుకు వంగాడు.

"బాగుంది. కానీ ఒక చిక్కు. తెల్లచీర చూసి కరిచేదానికి కుక్కకు రంగులు తెలుస్తాయా డాక్టరుగారూ? ఊళ్ళో తెల్లబట్టలవాళ్ళు ఎంతమంది లేరు? ఇప్పుడు డేవిడ్‌రాజుగారే వచ్చిపోయినాడు, తెల్లపంచెలో."

"రంగు కాదు," అన్నాడు హరిప్రసాద్. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "కుక్క కళ్ళతో కంటే ముక్కుతో చూస్తుంది. అమ్మా, ఆ చీరకు ఏదన్నా ప్రత్యేకమైన వాసన ఉంటుందా?"

"మామూలు చీరే సార్. బల్ల రోజు తప్ప కట్టదు. మిగతా రోజులంతా నాయన ట్రంకుపెట్టెలోనే..." కరుణశ్రీ ఆగిపోయింది. "కలరా ఉండలు! పెట్టెనిండా కలరా ఉండలు వేస్తాది అమ్మ. పురుగు పడతాదని. ఆ చీర కట్టుకుంటే మాకే తల తిరుగుతాది!"

"ఓరి దేవుడో!"

అరిచింది శెట్టి. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"మా సీతమ్మ పట్టుచీరల పెట్టె తీస్తే చాలు, గొలుసు తెంపుకునేది! ఒకరోజు పెండ్లికని పట్టుచీర కట్టుకుంటే నా పెళ్ళాం మీదికే ఎగబడినాది సార్! పట్టు గిట్టడం లేదేమో, పీనాసి కుక్క, నా మాదిరే అని నవ్వుకున్నాము. ఉండలయ్యా! ఆ ఉండల వాసన!"

డాక్టరు బల్ల మీద చెయ్యి వేశాడు. "అదీ సంగతి. ఎవరో ఆ వాసన గుడ్డతో దాన్ని కొట్టినారు. రోజూ కొట్టి, రెచ్చగొట్టి, ఆ గుడ్డ కట్టుకున్నవాళ్ళ మీద పడేటట్టు నేర్పించినారు. రెండు మూడు వారాలు చాలు. పుట్టుకతోనే ఉంటే అది చిన్నప్పటినుంచీ ఆ పెట్టెను చూసి మొరిగి ఉండేది. శెట్టిగారూ, ఇది ఎప్పుడు మొదలయింది?"

"మాఘమాసంలో. మేము కాశీకి పోయొచ్చినాక."

"కాశీకి కుక్కను తీసకపోలేదు గదా?"

"కుక్కను కాశీకి ఎవురు తీసకపోతారు సార్!"

"అయితే అన్నాళ్ళూ అది ఎవరి దగ్గర ఉంది?"

ఆ ప్రశ్న అడిగింది డాక్టరు. కానీ జవాబు కోసం శెట్టి మొహంలోకి చూసింది మాత్రం కరుణశ్రీ. దెబ్బ తిని, కాలు ఈడ్చుకుంటూ, చీకట్లో మూలుగుతున్న కుక్క. దానికి తాడు వెయ్యగలిగింది ఇంటి మనిషి, కాకపోతే దానికి వారాల తరబడి చేత్తో అన్నం పెట్టినవాడు. వాడే అమ్మ మీదికి వదిలాడు. పని చెడిపోయింది. కుక్క బతికి ఉంటే దాని రోగం ఎక్కడ అంటిందో ఎవరో ఒకరు అడుగుతారు. చంపేస్తే ఆ ప్రశ్న పోతుంది. చంపింది కరుణశ్రీ అయితే ఇంకా మంచిది. ఆమె స్టేషన్లో, అమ్మ ఒంటరిగా.

శెట్టి తడబడ్డాడు. "ఒకాయన అడిగినాడు. దుత్తలూరు దగ్గర ఆయనకు నిమ్మతోట ఉండాది. కాయలు దొంగలు కోసకపోతా ఉండారు, మీరు వచ్చేదాకా కాపలాకు కుక్కను ఇయ్యండి అన్నాడు. మంచిదే గదా, మాకూ దాన్ని ఎవురికి అప్పజెప్పాల్నో తెలీడం లేదు. ఇచ్చినాము."

"పేరు?" అన్నాడు ఎస్సై.

"ఆయన ఎవురికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు సార్. పెద్దమనిషిని, కుక్కను అడిగి తెచ్చుకున్నానంటే నవ్వుతారు అన్నాడు. నేను మాట ఇచ్చి..."

"మాట!" కరుణశ్రీ రెండు చేతులతో శెట్టి భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆడపిల్ల అంత పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు. సిద్ధయ్య అడ్డం రాబోతే ఎస్సై చెయ్యి చూపించి ఆపాడు. "మీ మాట నిలబెట్టుకునేలోపల మా అమ్మ ప్రాణం పోతాది శెట్టిగారూ! మీ సీజరును తాడుతో కట్టేసి రాయితో కొట్టినోడికి ఇచ్చిన మాటా అది? అది వాణ్ణి నమ్మి మెడ చాచినాది. ఎవురండీ వాడు?"

దుత్తలూరు. నిమ్మతోట. ఆమెకి తెలుసు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ తోటలో ఆడుకుంది. ఆ నిమ్మకాయలతోనే అమ్మ ఏడాదికి సరిపడా ఊరగాయ పెట్టేది. తెలిసినా మనసు ఒప్పుకోవడం లేదు. ఇంకొకరి నోట వినాలి. వింటే గానీ కాళ్ళు కదలవు.

ఎస్సై అప్పటికే జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

శెట్టి తల దించాడు. బయట వరండాలో గోనెసంచి ఉన్న చోట నేలమీద మిగిలిన మరక వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత తలెత్తాడు. మాట ఒక్కొక్కటే బయటికి వచ్చింది.

"ఇప్పుడు మీ యమ్మను జీపులో పడుకోబెట్టుకోని పోయినాడే అమ్మా... మీ చిన్నాయన. డేవిడ్‌రాజు!"